రిఫరెన్సులకూ ఒక చరిత్ర ఉంది

పరిశోధనా పత్రం చివర ఉండే రిఫరెన్సులను చాలామంది విద్యార్థులు చదవకుండానే పుట తిప్పేస్తారు. నిజానికి అవి చిరునామాలు. ఫలానా విషయాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ పత్రికలో, ఏ పుటలో చెప్పారో అవి తెలుపుతాయి. ఇంటి నంబరు తప్పితే ఉత్తరం చేరనట్లే, సంపుటి సంఖ్య తప్పితే మూలపత్రం దొరకడం కష్టం.

ఈ చిరునామాలు రాసే తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో, గుల్ల లేని ఒక నత్త అండాల గురించి పత్రం ప్రచురించాడు. అందులో వాక్యం మధ్యనే బ్రాకెట్లలో రచయిత పేరు, సంవత్సరం ఇచ్చాడు. హార్వర్డ్ పద్ధతికి మూలం ఇదేనంటారు. మరికొన్ని పత్రికలు అంకెలను వాడాయి.

దీనితో రచయితలకు చిక్కు వచ్చింది. ఒక పత్రిక తిరస్కరించిన పత్రాన్ని వేరొక పత్రికకు పంపాలంటే రిఫరెన్సులన్నీ మళ్ళీ టైపు చేయాలి. దానివల్ల విజ్ఞానం పెరగదు. శ్రమ, తప్పులు మాత్రం పెరుగుతాయి.

అందుకే 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకోవర్‌లో సమావేశమై ఉమ్మడి నియమాలు రూపొందించారు. అవి 1979లో అచ్చయ్యాయి. రిఫరెన్సుల నమూనాను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం సమకూర్చింది. వ్యాసంలో ప్రస్తావన వచ్చిన వరుసలోనే 1, 2, 3 అని అంకెలు వేయడం ఈ వాంకోవర్ పద్ధతి.

ఇప్పుడు కంప్యూటర్ ఒక పద్ధతిని మరొక పద్ధతిలోకి క్షణాల్లో మారుస్తుంది. అయితే మనం తప్పు సంవత్సరం ఎక్కిస్తే, ఆ తప్పునే అందంగా అమర్చి ఇస్తుంది. మూలపత్రం తెరిచి సరిచూసుకునే బాధ్యత మాత్రం 1881లో లాగే నేటికీ రచయితదే.