రైతు వివరాలు కంప్యూటర్‌లో ఎలా నడుస్తాయి? సీజన్‌కు ముందే సరిచూసుకోండి

సమాచార వ్యవస్థ అంటే కంప్యూటర్ ఒక్కటే కాదు. వివరాలు రాసుకునే మనిషి, వాటిని భద్రపరిచే చోటు, సరిపోల్చే పద్ధతి, చివరకు వచ్చే ఫలితం అన్నీ కలిస్తేనే వ్యవస్థ. మొదట తప్పు ఎక్కితే చివరకు తప్పే వస్తుంది.

చందుర్తి మండలంలో 2 ఎకరాల 10 గుంటలు ఉన్న రైతును తీసుకుందాం. ఆయన వివరాలు నాలుగు చోట్ల ఉంటాయి.

- భూమి: సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు. ఇవి 2020 అక్టోబరు 29 నుంచి ధరణిలో ఉండేవి. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది.
- పంట: వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) చేసే పంటల నమోదు.
- గుర్తింపు: ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు.
- బ్యాంకు: ఖాతా వివరాలు, ఆధార్ అనుసంధానం.

పాస్‌బుక్ నంబరు, ఆధార్ నంబరు ఈ నాలుగింటినీ కలుపుతాయి. ఒకచోట తేడా ఉన్నా పని ఆగవచ్చు.

ఎక్కడ నష్టం వస్తుంది?

వడ్లు: నమోదులో పత్తి అని ఉండి, మీరు కొనుగోలు కేంద్రానికి వడ్లు తెస్తే చిక్కు వస్తుంది.

పీఎం కిసాన్: ఏడాదికి రూ.6,000 మూడు విడతలుగా వస్తుంది. ఈ-కేవైసీ లేకపోయినా, ఖాతాకు ఆధార్ కలపకపోయినా విడత ఆగుతుంది.

రైతు బీమా: 2018 ఆగస్టు 14న మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల వారికి వర్తిస్తుంది. రైతు చనిపోతే నామినీకి రూ.5 లక్షలు అందుతాయి. వయసుకు ఆధార్‌లోని పుట్టిన తేదీయే ఆధారం. అందులో తప్పుంటే అర్హత ఉన్నా కుటుంబం నష్టపోతుంది.

ఇప్పుడు చేయాల్సినవి

1. పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు అక్షరం అక్షరం చూడండి.
2. నాటు, విత్తనం పూర్తి కాగానే సర్వే నంబరు, పంట, ఎకరాలు ఏఈఓకు చెప్పి నమోదు చేయించండి. ఏమి రాశారో అడిగి తెలుసుకోండి.
3. రైతు బీమా నామినీ చనిపోయి ఉంటే మార్పించండి.
4. ఫోన్ నంబరు మారితే ఆధార్‌లో, బ్యాంకులో మార్చండి.
5. ఏ దరఖాస్తు ఇచ్చినా రసీదు తీసుకుని దాచండి.
6. ఫోన్ చేసి అడిగిన వారికి ఓటీపీ చెప్పవద్దు.

సాగు సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. రికార్డుల్లో తప్పులు మాత్రం సంబంధిత కార్యాలయంలోనే దిద్దించుకోవాలి. వడ్లు కేంద్రానికి చేరాక పరుగెత్తే కంటే, దుక్కి దున్నే ముందు ఒక పూట కేటాయించడం మేలు.