కుంటుడు (పాడి ఆవుల్లో)
నొప్పి వల్ల ఆవు నడక చెడే స్థితి. ఇది ఒకే జబ్బు కాదు. లోపం ఎక్కువగా వెనక కాళ్లలో, ముఖ్యంగా బయటి గిట్టల్లో ఉంటుంది: గిట్ట అడుగున పుండు, అంచు చీలడం, గిట్టల సందులో కుళ్లు. 1974లో ఇటలీలో కెలి, మోర్టెల్లారో వర్ణించిన గిట్టల అంటు చర్మవ్యాధి కూడా కుంటుడు తెస్తుంది; అది తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. తడి సిమెంటు గచ్చు, పేడ బురద, గంటలకొద్దీ నిలబెట్టడం కుంటుడును పెంచుతాయి. ఆవు రోజుకు సుమారు 12 గంటలు పడుకోవాలి మరి.

ఆవు బాధను బయటపెట్టదు. అందుకే రైతు కంటికి కుంటే ఆవులు అసలుకన్నా తక్కువగా కనిపిస్తాయి. 1997లో స్ప్రెచర్ బృందం ప్రతిపాదించిన 1–5 కొలమానం కాలినే కాక వీపునూ చూస్తుంది: నిలుచున్నప్పుడు చదునుగా ఉండి, నడిచేటప్పుడు విల్లులా వంగితే స్కోరు 2. పాలు తగ్గేదాకా ఆగడం ఆలస్యమే. పుండుపడితే పక్క గిట్టకు చెక్క దిమ్మె అతికించి బరువు తప్పిస్తారు.