నుదుటి దాకానే కవచం

1870లు, 80లలో ఐరోపా, అమెరికా రోడ్ల మీద తిరిగిన ఎత్తు చక్రపు సైకిలుకు ఒక దుర్గుణం ఉండేది. ముందు చక్రానికి రాయి అడ్డం పడితే, దాని నెత్తిన కూర్చున్న మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులుగా పడేవాడు. అందుకే కొందరు సైకిల్ క్లబ్బుల వాళ్ళు బెండుతో చేసిన దొర టోపీలు పెట్టుకునేవారు. బెండు ఒక్క దెబ్బకే నలిగిపోతుంది. అయితే అలా నలగడంలోనే తలకు రక్ష ఉందన్న సూత్రం ఈనాటికీ మారలేదు.

రెండు చక్రాలూ సమానంగా ఉన్న సైకిళ్ళు వచ్చాక ఆ రకం పాట్లు తగ్గాయి. పందెగాళ్ళు మాత్రం తోలు పట్టీల టోపీకి మారారు. పట్టీల లోపల మెత్త, మధ్యలో గాలి ఆడే సందులు. రోడ్డు మీద జారిపడితే నెత్తి చెక్కుకుపోకుండా కాపాడేది కానీ, గట్టి దెబ్బను ఆపే శక్తి దానికి లేదు. అయినా 1970ల దాకా అదే నడిచింది.

మార్పు కారు పందేల వైపు నుంచి వచ్చింది. 1956లో పీట్ స్నెల్ అనే డ్రైవర్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. మరుసటి ఏడాది అతని పేరిట ఏర్పడ్డ స్నెల్ ఫౌండేషన్ హెల్మెట్లను పరీక్షించడం మొదలుపెట్టింది. కారు పందేలకు హెల్మెట్లు చేసే బెల్ కంపెనీ 1975లో ‘బెల్ బైకర్’ తెచ్చింది. పైన గట్టి ప్లాస్టిక్ డిప్ప, లోపల థర్మోకోల్. 1980ల మధ్యలో జిమ్ జెంటిస్ స్థాపించిన గిరో కంపెనీ ఆ డిప్పను తీసేసి, థర్మోకోల్‌కు పల్చటి గుడ్డ తొడిగి బరువు బాగా తగ్గించింది. 1989లో సియాటిల్ పరిశోధకులు హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 85 శాతం తగ్గుతుందని ప్రకటించారు. తర్వాతి అధ్యయనాల్లో ఆ అంకె తగ్గింది కానీ, మేలు ఉందన్న మాట నిలబడింది. 1990లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సైకిలు తొక్కేవారికి హెల్మెట్ తప్పనిసరి చేసింది.

పందెగాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిర్బంధం పెడితే పారిస్–నీస్ పందెంలో తిరగబడ్డారు. ఎండలో కొండెక్కుతూ దీన్ని మోయలేమన్నారు. సమాఖ్య వెనక్కి తగ్గింది. 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో, పిరెనీస్ కొండ దిగుతూ ఒలింపిక్ విజేత ఫాబియో కసార్తెల్లి పడి చనిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. అయినా నియమం రాలేదు. 2003 మార్చిలో పారిస్–నీస్‌లోనే కజకిస్తాన్ ఆటగాడు ఆంద్రే కివిలెవ్ మరణించాక, ఆ ఏడాదే నిర్బంధం వచ్చింది. ఈసారి అది నిలిచింది. చావు ఒక కారణం. ఈలోగా హెల్మెట్ తేలికై, గాలి ధారాళంగా ఆడేలా తయారవడం రెండో కారణం.

ఇంత చరిత్రలోనూ ముఖం ఊసు దాదాపు లేదు. 1999లో అమల్లోకి వచ్చిన అమెరికా ప్రమాణం ప్రకారం హెల్మెట్ తొడిగిన నమూనా తలను 2 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడేస్తారు. అంటే గంటకు సుమారు 22 కిలోమీటర్ల వేగం. గడ్డానికి తగిలే దెబ్బ ఆ పరీక్షలో లేనే లేదు. ఫలితం గాయాల్లో కనిపిస్తుంది. హెల్మెట్ వల్ల ముఖం పై భాగానికీ, మధ్య భాగానికీ గాయాలు సుమారు 65 శాతం తగ్గుతాయని కాక్రేన్ సమీక్ష తేల్చింది. నుదుటి మీది అంచు ముందుకు పొడుచుకొచ్చి ఉండటమే అందుకు కారణం. దవడకు మాత్రం ఆ లాభం దక్కలేదు. 2011 టూర్‌లో లారెన్స్ టెన్ డామ్ ముఖం నేలకు కొట్టుకుని, ముక్కుకు కట్టుతోనే గమ్యం చేరాడు. 2020 ఆగస్టులో పోలండ్‌లోని కటోవిచెలో గెలుపు గీత దగ్గర ఫాబియో యాకొబ్సెన్ అడ్డుకంచెల్లోకి దూసుకెళ్ళి పడినప్పుడు, తలకు హెల్మెట్ ఉన్నా పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. ముఖాన్ని శస్త్రచికిత్సలతో సరిచేయాల్సి వచ్చింది.

దవడ దాకా కప్పే హెల్మెట్లు లేక కాదు. కొండవాలు సైకిల్ పందేల్లో అవి మామూలే. వాటిలో గడ్డం ముందు అడ్డంగా వచ్చే కమ్మీని కూడా పరీక్షించే వేరే ప్రమాణం ఉంది. కానీ ఆ పందెం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, దారి అంతా దిగుడే. రోడ్డు సైక్లింగ్ గంటల తరబడి సాగుతుంది. మోటారు సైకిలు నడిపేవాడు దవడ దాకా కప్పే హెల్మెట్‌ను భరించగలడు, అక్కడ వేడెక్కేది ఇంజను. ఇక్కడ మనిషే ఇంజను, నోటికి కమ్మీ అడ్డమైతే ఊపిరికీ చెమటకూ దారి ఇరుకవుతుంది. వంగి కూర్చున్నవాడికి హెల్మెట్ బరువంతా మెడ మీదే పడుతుంది.

అందువల్ల ప్రస్తుతానికి రోడ్డు మీద చేయగలిగింది పరిమితం. హెల్మెట్‌ను వెనక్కి నెట్టకుండా, కనుబొమలకు రెండు వేళ్ళ ఎత్తులో ఉండేలా సమంగా పెట్టుకోవాలి. తేలిగ్గా పగలని పాలికార్బొనేట్ కళ్ళద్దాలు ధరించాలి. దవడ సంగతి వేరు. 1991లో పుర్రె ఎక్కడుందో ఇవాళ దవడ అక్కడే ఉంది: ప్రమాదం తెలుసు, భరించగలిగే కవచం మాత్రం లేదు. పుర్రె విషయంలో ముందు బరువు తగ్గింది, ఆ తర్వాతే నియమం నిలిచింది. ఊపిరికి అడ్డురాని గడ్డం కమ్మీని ఎవరైనా తయారు చేసేదాకా ఏ సమాఖ్య నిర్బంధం పెట్టినా రెండో పారిస్–నీస్ తిరుగుబాటు తప్పదు.