గేటు దాటని యాస

జముకు చూడనివాళ్ల కోసం ముందు దాని సంగతి చెప్పాలి. ఒక పక్క తోలు మూసిన గొట్టం, ఆ తోలు నడిమి నుంచి లాగిన నరం తీగ. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, తీగ కొసను పిడికిట బిగించి మీటుతారు. పట్టు బిగిస్తే నాదం పైకి లేస్తుంది, సడలిస్తే మూలుగుతూ దిగుతుంది. అమ్మవారి సంబరాల్లో ఒకడు కథ నడుపుతుంటే పక్కన వంతలు అందుకునేవారు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో రాత్రంతా ఆ మోత వినబడేది.

పలాస పక్కన బొడ్డపాడులో గుడి అర్చకుడు సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకును కూలిజనం కథకు మళ్లించాడు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలయ్యారు. అక్కడి నుంచి కొండల్లోని గిరిజన రైతుల పోరు మా తీరానికి దిగింది. మరుసటి ఏడాది నవంబర్‌లో గరుడభద్రలో జనం భూస్వామి పొలంలోకి దిగి పంట కోసుకున్నారు. 1969 మే నెలలో బొడ్డపాడు మనిషి పంచాది కృష్ణమూర్తిని పోలీసులు చంపారు. అదే ఏడాది డిసెంబర్ 22న రంగమాటియా కొండల్లో ఆయన భార్య నిర్మల, పాణిగ్రాహి ఒకే రోజు తూటాలకు ఒరిగారు.

ఆ ఉద్యమం పట్టిన దారి మంచిదా కాదా అన్నది ఇక్కడ తేల్చబోను, అది పెద్ద తగువు. నా దుఃఖం ఇంకొకటి. ఆ రోజుల్లో మా యాస వింటే ఎవరికీ నవ్వు రాలేదు. కొందరికి భయమేసింది, కొందరికి గౌరవం కలిగింది. 1964లో కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ రాస్తే, అప్పు తీర్చలేని అప్పల్రాముడి గురించి తెలుగుదేశం ఏళ్ల తరబడి వాదించుకుంది. అతని పేరు విని నవ్వినవాళ్లు లేరు.

తర్వాత ఏమైందో సినిమా హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. అప్పల్రాజు, అప్పల్నాయుడు, సింహాచలం అని ఎవరైనా పిలవగానే తెర మీదికి భుజాన తువ్వాలేసుకుని ఒక నౌకరో, వాచ్‌మేనో, లారీ క్లీనరో వస్తాడు. 'ఏటి బాబూ' అంటాడు. హాలంతా నవ్వుతుంది. అతను ఇంకా జోకు వెయ్యనే లేదు! 'నేదు' అన్నా, 'ఎల్లొస్తాను' అన్నా చాలు. చెంపదెబ్బ తింటే మరింత నవ్వు. ఆడమనిషైతే పనిమనిషి, చేతిలో చీపురు. ఈ మాట మాట్లాడేవాడికి ప్రేమ ఉండదు, అప్పు ఉండదు, చచ్చిన తండ్రి ఉండడు.

ఒక్కరు పన్నిన కుట్ర కాదిది. సినిమా మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగింది, మాటలు రాసే చేతులు చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలవి. ఆ తీరు మాట పుస్తకాల్లోకీ, రేడియోలోకీ ఎక్కి 'మంచి తెలుగు' అయింది. మావాళ్లేమో పని వెతుక్కుంటూ వలసపోయారు. ఇటుకలు మోశారు, అపార్ట్‌మెంట్లకు కాపలా కాశారు, చేపల వేటకు గుజరాత్ దాకా వెళ్లారు. రచయితకు సిక్కోలు (శ్రీకాకుళం) మనిషి ఎదురుపడింది తన గేటు దగ్గరే, కథలోనూ అక్కడే నిలబెట్టాడు. గేటు వెనక ఊరుందని, ఆ ఊళ్లో జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడిన తల్లి ఉందని అతనికి తట్టలేదు. పలాస, కాశీబుగ్గల్లో ఆ పని చేసే ఆడవాళ్ల చేతులు చూడండి. పిక్క తొక్కలోంచి కారే జీడి ఒంటిని కాలుస్తుంది. నూనె రాసుకుని కూర్చున్నా చర్మం ఊడుతుంది, ఆ నలుపు సబ్బుకు పోదు. అంత కష్టం మీద తేలిన తెల్లటి గుడ్డుపప్పు సినిమావాళ్ల విందుల్లోకీ వెళ్లే ఉంటుంది.

అమెరికాలో మెక్సికన్లకు పట్టిన గతి ఇలాంటిదే. లూపే ఓంటివెరోస్ అనే నటి టెక్సస్‌లోనే పుట్టి, అక్కడే కాలేజీ చదువు చదివింది. తెర మీదా రంగస్థలం మీదా కలిపి 150 సార్లకు పైగా పనిమనిషి వేషం కట్టానని తనే చెప్పుకుంది. ఇంగ్లీషు శుభ్రంగా మాట్లాడితే ఆ వేషం కూడా దక్కదట. అంతకు చాలా ముందే, 1922లో, మెక్సికన్లను దొంగలుగా, దుర్మార్గులుగా చూపించే హాలీవుడ్ కంపెనీల సినిమాలు తమ దేశంలో ఆడకూడదని మెక్సికో ప్రభుత్వం నిషేధం పెట్టింది. వాళ్లకు ఒక ప్రభుత్వమైనా ఉంది. మా జిల్లా ఎవరి మీద నిషేధం పెడుతుంది? టిక్కెట్టు కొని నవ్వినవాళ్లలో మేమూ ఉన్నాం. తెలంగాణ మాటకూ ఇదే అవమానం జరిగింది, అయితే అక్కడివాళ్లు కొట్లాడారు, రాష్ట్రం వచ్చింది. 'ఫిదా', 'బలగం' సినిమాల నాటికి ఆ మాట కథానాయకుల నోట నిలబడింది.

మాకూ ఒక పొద్దు పొడిచినట్టే అనిపించింది. కరుణకుమార్ తీసిన 'పలాస 1978' 2020 మార్చి 6న విడుదలైంది. ఆటా పాటా బతుకుగా ఉన్న దళిత అన్నదమ్ములు, వాళ్లను వాడుకునే షావుకార్లు, అంతా మా మాటలోనే. ఈ మాటలో కోపం ఉంటుందని తెర చాలాకాలానికి ఒప్పుకుంది. అప్పుడే కరోనా వచ్చిపడింది, ఆ నెల తిరక్కుండానే హాళ్లు మూసేశారు. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' వచ్చింది. పాకిస్తాన్ చెరలో పడిన మా జిల్లా జాలర్ల కథ అది. హీరో యాస నేర్చుకుని మరీ మాట్లాడాడు, సంతోషమే. పుట్టుకతో ఆ యాస ఉన్న కుర్రాడు హీరో వేషం అడగడానికి వెళ్తే మాత్రం, ముందు దాన్ని మార్చుకోమనే చెబుతారని నా అనుమానం.

ఈలోగా నవ్వు స్థానంలోకి జాలి వచ్చింది. ఉద్దానం అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. జబ్బు నిజం, కారణం ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ మంచాలూ నిజం, 2023 డిసెంబర్‌లో పలాసలో తెరిచిన 200 పడకల ఆసుపత్రీ నిజం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ వేళ్లతో పెకలించినప్పుడు కెమెరాలు వచ్చాయి, తోటలు మళ్లీ వేస్తుంటే రాలేదు. మనిషిని నౌకరుగా చూసిన కళ్లే ఇప్పుడు రోగిగా చూస్తున్నాయి. పిల్లనివ్వడానికీ, చేసుకోవడానికీ పైవాళ్లు వెనకాడుతున్నారు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా కుర్రాళ్లు ఇంటికి ఫోన్ చేస్తే 'అమ్మా, ఏటి సేస్తన్నావు' అంటారు. పక్క సీటువాడు వింటున్నాడని గమనిస్తే చప్పున 'ఏం చేస్తున్నావు'లోకి మారిపోతారు. సొంతూరేదని అడిగినవాళ్లకు 'వైజాగ్ పక్కన' అని చెబుతారు. పలాస నుంచి వైజాగ్ దాదాపు 200 కిలోమీటర్లు.