ప్రాణం నిలిపే షాక్, వెంటాడే భయం: ఐసీడీ కథ

ఈ ఎపిసోడ్‌లో ఛాతీ చర్మం కింద పెట్టే ఒక చిన్న పెట్టె గురించి మాట్లాడుకుందాం. దాని పేరు ఐసీడీ. గుండె లయ ప్రాణం మీదకి వచ్చేలా తప్పితే, లోపలి నుంచే కరెంటు షాకిచ్చి దారిలో పెడుతుంది.

ఈ కథ మొదలైంది ఒక చావుతో. మిషెల్ మిరోవ్‌స్కీ 1924లో పోలండ్‌లోని వార్సాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కుటుంబాన్ని పోగొట్టుకుని, తర్వాత డాక్టరై ఇజ్రాయెల్‌లో పనిచేశాడు. అక్కడ ఆయన గురువులాంటి డాక్టర్ హ్యారీ హెల్లర్‌కి గుండె లయ పదే పదే తప్పేది. 1966లో అలాగే చనిపోయారు. షాకిచ్చే మెషిన్ ఆసుపత్రిలో ఉంది, కానీ మనిషిని ఎన్నాళ్లని ఆసుపత్రిలో ఉంచుతాం? మరి మెషిన్‌నే మనిషి లోపల పెడితే? అదీ మిరోవ్‌స్కీ ఆలోచన.

1968లో అమెరికాలోని బాల్టిమోర్ వెళ్లి, మోర్టన్ మోవర్ అనే డాక్టర్‌తో కలిసి పని మొదలుపెట్టాడు. చాలామంది కొట్టిపారేశారు. ఆధునిక డీఫిబ్రిలేటర్‌ని తెచ్చిన బెర్నార్డ్ లౌన్ కూడా 1972లో గట్టిగా విమర్శించాడు. ఇద్దరూ ఒక కుక్క మీద ప్రయోగం చేసి వీడియో తీశారు. గుండె ఆగినంత పనై కుక్క కూలిపోతుంది, పెట్టె షాకిస్తుంది, కాసేపటికి అది లేచి తోకాడిస్తుంది. "ట్రైనింగ్ ఇచ్చి పడుకోబెట్టారు" అన్నారట కొందరు! దాంతో ఈసీజీ కూడా కలిపి చూపించాల్సి వచ్చింది. చివరికి 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో లెవీ వాట్కిన్స్ అనే సర్జన్ మొదటిసారి ఒక మహిళకి ఐసీడీ అమర్చాడు. 1985లో అమెరికా ప్రభుత్వ ఆమోదం వచ్చింది.

ఇక్కడిదాకా గెలుపు కథే. కానీ అప్పట్లో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: మనిషి బతికాడా? ఎలా బతుకుతున్నాడు అని అడగడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎందుకంటే, షాక్ కొట్టేటప్పుడు మనిషికి చాలాసార్లు స్పృహ ఉంటుంది. గుర్రం ఛాతీ మీద తన్నినట్టు ఉంటుందని పేషెంట్లు చెబుతారు. స్నానం చేస్తుండగా కొట్టిందనుకోండి, ఇక బాత్రూమ్ అంటేనే వణుకు. మెట్లెక్కుతుండగా కొడితే మెట్లంటే భయం. గంట మోగితే కుక్కకి నోరూరిన పావ్‌లోవ్ ప్రయోగం గుర్తుందా? ఇదీ అదే లెక్క. ఒక్కొక్కటీ మానేస్తూ పోతే చివరికి ప్రపంచం మంచమంత అవుతుంది. పాము కరిచినవాడు తాడుని చూసినా ఉలిక్కిపడతాడు కదా! కొందరైతే నిద్రలో షాక్ కొట్టిందని లేచి కూర్చుంటారు, పెట్టెలో రికార్డు చూస్తే ఏమీ ఉండదు. దీన్ని ఫాంటమ్ షాక్ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, మెదడు అంతగా కాపలా కాస్తోందన్నమాట.

మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి, మెషిన్ మారింది. షాక్ లేకుండా, చిన్న చిన్న పల్స్‌లతోనే లయ సరిచేయడం నేర్చింది. తొందరపడి షాకివ్వకుండా కాస్త ఆగేలా సెట్ చేస్తే అనవసరపు షాక్‌లూ, మరణాలూ కూడా తగ్గాయని 2012లో మాడిట్-ఆర్ఐటీ అనే పెద్ద అధ్యయనం చూపించింది. రెండోది, మనసు లెక్కలోకి వచ్చింది. శామ్యూల్ సియర్స్ లాంటి సైకాలజిస్టులు "షాక్ ప్లాన్" ముందే రాసుకోమన్నారు. ఒక్క షాక్ కొట్టి, తర్వాత బాగానే ఉంటే క్లినిక్‌కి ఫోన్. వెంటవెంటనే రెండు మూడు కొట్టినా, కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా వెంటనే అంబులెన్స్, మన దగ్గరైతే 108. ఏం చెయ్యాలో తెలిస్తే సగం భయం అక్కడే దిగుతుంది. మానేసిన పనుల్ని డాక్టర్ సలహాతో ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించే కౌన్సెలింగ్ కూడా ఉంది.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకి క్రిస్టియన్ ఎరిక్సన్ తెలుసు. 2021 జూన్ 12న గ్రౌండ్‌లోనే గుండె ఆగి పడిపోయాడు. ఐసీడీ పెట్టారు. దానితో ఇటలీ లీగ్‌లో ఆడనివ్వరు కాబట్టి ఇంగ్లండ్ వెళ్లాడు. 2024 యూరోలో గోల్ కొట్టాడు. అందరూ అలా ఆడాలని కాదు, పెట్టెతో కూడా జీవితం ఉందని.

మీ ఇంట్లో ఎవరికైనా ఐసీడీ ఉంటే, ఈసారి చెకప్‌లో బ్యాటరీ గురించే కాదు, "షాక్ కొడితే ఏం చెయ్యాలి? ఈ భయానికి ఎవరిని కలవాలి?" అని కూడా అడగండి. ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.