బూట్ రికార్డు బ్యాకప్

కంప్యూటర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు తోడుగా మరొకటి ఎక్కించే ముందు, హార్డ్ డిస్కులోని మొట్టమొదటి సెక్టారును ఫైలుగా దాచి పెట్టుకోవడమే బూట్ రికార్డు బ్యాకప్. ఆ సెక్టారును మాస్టర్ బూట్ రికార్డు, పొట్టిగా ఎంబీఆర్ అంటారు. 1983లో పీసీ డాస్ 2.0తో వాడుకలోకి వచ్చింది.

దీని పరిమాణం 512 బైట్లే. మొదటి 446 బైట్లు బూట్ కోడ్‌కు కేటాయించినవి. తర్వాతి 64 బైట్లు పార్టిషన్ పట్టిక. ఒక్కోదానికి 16 బైట్ల చొప్పున నాలుగు పార్టిషన్ల వివరాలే అందులో పడతాయి. చివరి రెండు బైట్లు గుర్తింపు ముద్ర. స్విచ్ వేయగానే బయాస్ ఈ సెక్టారును మెమరీలోకి తెచ్చుకుని, ముద్ర సరిపోతే అందులోని కోడ్‌ను నడుపుతుంది.

చిక్కంతా ఇక్కడే. చోటు ఒక్కటే, కావలసినవాళ్లు ఇద్దరు. లైనక్స్ ఉన్న పాత తరహా కంప్యూటర్లో విండోస్ ఎక్కిస్తే, అది అడగకుండానే తన కోడ్ రాసేసుకుంటుంది. లైనక్స్ ఫైళ్లన్నీ డిస్కులో భద్రంగానే ఉంటాయి, లోపలికి దారే ఉండదు. ఈ విషయంలో లైనక్స్ పాత బూట్ లోడర్ లిలో మర్యాదస్తురాలు: పాత సెక్టారు నకలును బూట్ డైరెక్టరీలో దాచాకే తనది రాసేది.

లైనక్స్‌లో నకలు తీయడానికి డీడీ కమాండ్ చాలు. బ్లాకు పరిమాణం 512, లెక్క ఒకటి అని చెప్పాలి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ తారుమారైతే డిస్కు మీదే రాత పడుతుంది కనుక ఎంటర్ నొక్కేముందు మరోసారి చూసుకోవాలి. ఫైలును అదే డిస్కులో ఉంచడం వృథా, పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

తీయడం కంటే తిరిగి రాయడంలోనే ప్రమాదం ఎక్కువ. రెండో సిస్టమ్ ఎక్కాక పార్టిషన్లు మారి ఉంటాయి. అప్పుడు 512 బైట్లూ రాస్తే పాత పట్టిక వచ్చి కూర్చుంటుంది, కొత్త పార్టిషన్ కనిపించకుండా పోతుంది. అందుకే 446 బైట్లే రాయాలి. వాటి చివర్లో నాలుగు బైట్ల డిస్కు సంతకం కూడా ఉంది. ఒక డిస్కు నకలును మరోదానిపై రాసి రెండింటినీ తగిలిస్తే, సంతకాలు ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. నకలే లేకపోతే విండోస్ రికవరీలోని బూట్‌రెక్ కమాండ్, ఫిక్స్ఎంబీఆర్ ఎంపికతో, పట్టికను ముట్టకుండా తన కోడ్‌ను కొత్తగా రాస్తుంది.

ఈ నకలులో అన్నీ రావు. నాలుగుకు మించి కావాలంటే చేసే లాజికల్ పార్టిషన్ల వివరాలు డిస్కులో వేరేచోట్ల ఉంటాయి. వాటికి ఎస్ఎఫ్‌డిస్క్‌తో పట్టిక మొత్తాన్ని రాసిపెట్టుకోవాలి. లైనక్స్ బూట్ లోడర్ గ్రబ్ తన ప్రధాన భాగాన్ని మొదటి సెక్టారు తర్వాతి ఖాళీలో ఉంచుతుంది కనుక అదీ ఈ నకలులోకి రాదు.

బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ, పాత పట్టిక స్థానంలో జీపీటీ ఉన్న కొత్త కంప్యూటర్లలో ఈ 512 బైట్లకు కాపలా పని తప్ప వేరే పాత్ర లేదు. బూట్ లోడర్లు ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మామూలు ఫైళ్లుగా, వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. నకలు తీయాల్సింది ఆ పార్టిషన్‌కే. జీపీటీ పట్టిక రెండో ప్రతి డిస్కు చివర ఎలాగూ ఉంటుంది, అయినా ఎస్‌జీడిస్క్‌తో మరొకటి తీసిపెట్టుకోవచ్చు. విండోస్‌లో డిస్కును గుప్తీకరించే బిట్‌లాకర్ నడుస్తుంటే మాత్రం బూట్ అమరికలు మార్చే ముందే దాని రికవరీ కీ రాసి ఉంచుకోవాలి. అది లేనిదే ఏ నకలూ డేటాను తెరవలేదు.