సార్, ప్యానెల్ పోయింది

పుదుచ్చేరి నుంచి ఈసీఆర్ రోడ్డు పట్టుకుని చెన్నై వైపు పది కిలోమీటర్లకు అటూ ఇటూగా పోతే కాలాపట్టు, దాన్ని ఆనుకుని పిళ్ళైచావడి. చావడి అంటే ఏమిటో తెలుగువాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ చావడి దగ్గర 1984లో పాండిచ్చేరి ఇంజినీరింగ్ కాలేజీ పుట్టింది, 2020లో అదే పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయం అయింది. తమిళం మాట్లాడే ఊళ్ళోని ఆ కాలేజీకి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి తెలుగు పిల్లలూ వస్తారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం కూడా పుదుచ్చేరి పాలన కిందిదే కదా.

ఇంజినీరింగ్ కాలేజీ అంటే లినక్స్ ల్యాబ్ తప్పదు. లినక్స్ ల్యాబ్ అంటే ఒక కేక కూడా తప్పదు, అది పిళ్ళైచావడి అయినా కాకినాడ అయినా: "సార్, ప్యానెల్ పోయింది!"

ఆ కేకకు స్వర్ణయుగం గ్నోమ్ 2 రోజులు. 2002 జూన్‌లో వచ్చి దాదాపు తొమ్మిదేళ్ళు ఏలిన డెస్క్‌టాప్ అది. తెర పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ. పై పట్టీలో ఎడమ చివర మెనూలు, కుడి చివర గడియారం. కింది పట్టీలో తెరిచిన విండోల వరస. అప్పటిదాకా విండోస్ తప్ప మరోటి చూడని కుర్రాడికి ఇదొక వింత. 1995 నుంచీ లోకమంతా కింద ఒక పట్టీ, ఎడమ మూల ఒక స్టార్ట్ బటన్ చూసి చూసి అదే ప్రకృతి ధర్మం అనుకుంటున్న రోజులవి. ఇక్కడేమో రెండు పట్టీలు! ఒకటి దండగ అనిపించడం సహజం. కింది పట్టీ మీద కుడి క్లిక్ కొడితే వచ్చే మెనూలో ‘ఈ ప్యానెల్‌ను తొలగించు’ అనే అర్థం వచ్చే వరస ఉండనే ఉంది. నొక్కాడు, పోయింది. కాసేపటికి ఒక విండోను మినిమైజ్ చేశాడు. అదీ పోయింది. అసలు పోలేదు, దాన్ని మళ్ళీ పిలవడానికి ఉన్న చోటే పోయింది. కంగారులో పై పట్టీలోని మెనూను కూడా పీకేస్తే ఇక మిగిలేది గడియారం, దాని వెనక నీలిరంగు గోడ.

ల్యాబ్ చూసుకునే ఆయన వస్తాడు. ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో టెర్మినల్ పేరు కొట్టి తెరుస్తాడు. అందులో ‘జీకాన్ఫ్‌టూల్’ అనే పనిముట్టును పిలిచి, ప్యానెల్ కింద ఉన్న సెట్టింగులన్నీ వేళ్ళతో సహా తీసెయ్యమంటాడు. తరవాతి వరసలో నడుస్తున్న ప్యానెల్‌ను చంపెయ్యమంటాడు. చచ్చిన ప్యానెల్ రెప్పపాటులో తనే లేచి నిలబడుతుంది, రెండు పట్టీలతో, పుట్టినరోజు నాటి ముఖంతో. రెండే వరసలు. అవి నోటికొచ్చినవాడికి హాస్టల్లో కాఫీకి లోటు ఉండేది కాదు.

ఆయన పోయిందాన్ని ఎక్కణ్ణించో తెచ్చి పెట్టినట్టు కనిపిస్తుంది గానీ, తెచ్చింది ఏమీ లేదు. కుర్రాడు చేసిన మార్పుల్ని చెరిపేశాడు, అంతే. అసలు అమరిక ఎక్కడికీ పోలేదు. అది ‘ఈటీసీ’ అనే ఫోల్డర్‌లో, మామూలు యూజర్ చెయ్యి పడని చోట, చెక్కుచెదరకుండా ఉంది. కుర్రాడి ఇష్టాయిష్టాలు మాత్రం అతని సొంత హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే ‘.జీకాన్ఫ్’ అనే మరుగు ఫోల్డర్‌లో నమోదవుతూ పోయాయి. డెస్క్‌టాప్ ముందు యూజర్ రాత చూస్తుంది, అక్కడ ఏమీ లేకపోతే అసలు రాత చదువుతుంది.

ఈ చుక్క కథ ఇంకా పాతది. 1970ల మొదట్లో యూనిక్స్ కడుతున్న రోజుల్లో ప్రతి ఫోల్డర్‌లోనూ ఒంటి చుక్క, జంట చుక్క అని రెండు పేర్లు ఉండేవి. ఫైళ్ళ జాబితా చూపే ‘ఎల్ఎస్’ వాటిని చూపకుండా ఉండాలని, పేరులో మొదటి అక్షరం చుక్కయితే దాటెయ్యమని రాశారు. పేరంతా చుక్కేనా అని చూడాల్సింది, బద్ధకించి మొదటి అక్షరంతో సరిపెట్టారు. దాంతో చుక్కతో మొదలయ్యే పేరేదైనా కంటికి కనబడకుండా పోయింది. తమ ప్రోగ్రాముల సెట్టింగులు దాచుకోవడానికి ఇదేదో బాగుందని జనం అలవాటు పడ్డారు. ఈ సంగతి 2012లో చెప్పినవాడు, ఆ బృందంలో తరవాత చేరిన రాబ్ పైక్. ఆయన దాన్ని మెచ్చుకోలేదు, పొరపాటు అన్నాడు. ఈ చుక్క ఫోల్డర్లు ఎవరి హోమ్ ఫోల్డర్‌లో వాళ్ళవే కనక ల్యాబ్‌లో నలభై మంది ఒకే కంప్యూటర్ మీద నలభై రకాల చిందరవందర చేసుకున్నా, ఒకడి చెత్త ఇంకొకడి తెర మీద పడదు.

అసలు అమరిక కోసం వెనక్కి వెళ్ళడం పుదుచ్చేరికి కొత్త కాదు. 1693లో ఈ ఊరిని పట్టుకున్న డచ్చివాళ్ళు ఆరేళ్ళున్నారు. గళ్ళ కాగితంలా నిలువు వీధులు, అడ్డ వీధులు గీసిన ఘనత వాళ్ళది. 1699లో ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది, గీతలు అలాగే ఉండిపోయాయి. 1761 జనవరిలో ఇంగ్లీషువాళ్ళు గెలిచి కోటనూ మేడలనూ నేలమట్టం చేశారు. 1765లో తిరిగొచ్చిన ఫ్రెంచి గవర్నరు లా ద లోరిస్టన్ పాత వీధుల గీతల మీదనే ఊరు మళ్ళీ లేపాడు. సమాంతర వీధుల్లో ఇవాళ సైకిలు తొక్కే టూరిస్టు తిరుగుతున్నది ఆ గీతల మీదే. డెస్క్‌టాప్ రీసెట్ కూడా ఇలాంటిదే అనుకోవచ్చు గానీ ఒక తేడా ఉంది. రీసెట్‌లో కూలేవి ఎవరో శత్రువు కూల్చినవి కావు, మనం కట్టుకున్నవే.

2010 తరవాత కథ అడ్డం తిరిగింది. అప్పటిదాకా అమరికను చెడగొట్టేది కుర్రాళ్ళు. ఇప్పుడు తయారీదార్లే మార్చడం మొదలుపెట్టారు. ఉబుంటు అనే లినక్స్ 10.04 వెర్షన్‌లో విండోను మూసే బటన్ కుడి నుంచి ఎడమకు గెంతింది. జనం గోల పెడితే, డిజైన్ విషయంలో ఓటింగులుండవని ఉబుంటు అధినేత మార్క్ షటిల్‌వర్త్ తేల్చేశాడు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 రెండు పట్టీల పద్ధతినే ఎత్తేసింది. అదే నెల ఉబుంటు ‘యూనిటీ’ అనే వేరే తెర దించి, ఎడమ పక్కన నిలువు పట్టీ నిలబెట్టింది. లినక్స్‌కు ప్రాణం పోసిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు గ్నోమ్ 3ని తిట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు మారిపోయాడు.

ఇప్పుడు రీసెట్ కొడితే ఏమొస్తుంది? కొత్త డీఫాల్టే వస్తుంది. పాతదాన్ని పిలిచే ఆదేశం ఏదీ లేదు. అర్జెంటీనాలో ఒక ప్రోగ్రామర్ గ్నోమ్ 2 కోడ్‌నే తీసుకుని ‘మాటే’ పేరుతో మళ్ళీ నడిపించాడు. ఆ దేశంలో తాగే తేనీటి పేరు అది. రెండు పట్టీలు కావాల్సినవాళ్ళు అటు చేరారు. వాళ్ళకు ప్యానెల్ పోతే ‘మాటే-ప్యానెల్ రీసెట్’ అనే ఒక్క వరస చాలు. ఎక్స్‌ఎఫ్‌సీఈ మరీ మర్యాదస్తురాలు. సెట్టింగులు చెరిపేసి మళ్ళీ లాగిన్ అయితే, మామూలు అమరిక పెట్టమంటారా, ఖాళీ పట్టీ ఒకటి ఇవ్వమంటారా అని కొన్నేళ్ళ పాటు అడిగేది. తొందరపడి రెండోది నొక్కినవాడు మళ్ళీ మొదటికే వచ్చేవాడు.

డీఫాల్ట్‌ను తెలుగులో ఏమనాలి? మెనూలను తెలుగులోకి మార్చినవాళ్ళు ‘అప్రమేయం’ అన్నారు. నిఘంటువు తిరగేస్తే కొలవడానికి వీలుకానిది అని ఉంటుంది, విష్ణువు పేర్లలో ఒకటి. కానీ ‘నా ప్రమేయం లేకుండా జరిగింది’ అని రోజూ అంటూనే ఉంటాం. ఆ వాడుక పట్టుకుంటే మాట అతికినట్టు సరిపోతుంది. యూజర్ ప్రమేయం లేకుండా వచ్చిన అమరిక అప్రమేయ అమరిక. ఇంగ్లీషు మాటకన్నా ఇదే విషయం విప్పి చెబుతోంది, జనం నాలుకకు ఇంకా ఎక్కలేదు గానీ. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు కట్టిన తెలుగు లినక్స్‌లో, మెనూలు తెరవగానే తెలుగులో ఉండాలన్నది పట్టుదల. తెలుగును సెట్టింగుల్లో వెతుక్కోవడం కాదు, అసలు రాతలోనే పెట్టాలని వాళ్ళ వాదం. చెన్నైలో ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ 2007లో భారతీయ భాషలతో వచ్చింది. తమిళనాడు సర్కారు 2011 నుంచి విద్యార్థులకు పంచిన ల్యాప్‌టాప్‌లలో అది విండోస్ పక్కన కూర్చుంది.

ఇప్పటి గ్నోమ్‌లో జీకాన్ఫ్ లేదు, దాని స్థానంలో డీకాన్ఫ్ ఉంది. యూజర్ ఇష్టాయిష్టాలన్నీ ఒకే ఫైల్‌లో, మామూలు ఎడిటర్లో తెరిస్తే చదవడానికి వీల్లేని రూపంలో పడి ఉంటాయి. ‘డీకాన్ఫ్ రీసెట్ -ఎఫ్’ అని కొట్టి, పక్కన ఏ కొమ్మను చెరపాలో చెప్పాలి. డీకాన్ఫ్‌నే వాడే మాటేలో ప్యానెల్ పాడైతే ప్యానెల్ కొమ్మ చెబితే సరి. ఓపిక లేనివాడు ఒంటి గీత గీస్తాడు. ఒంటి గీత అంటే చెట్టు మొదలు. దాంతో వాల్‌పేపర్, ఫాంట్ సైజు, షార్ట్‌కట్లు, రాత్రి కళ్ళు మండకుండా పెట్టుకున్న పసుపు వెలుగు అన్నీ ఊడ్చుకుపోతాయి.

వాటితోపాటు తెలుగు కూడా పోతుంది. లినక్స్ ఎక్కించేటప్పుడు ఇంగ్లీషు కీబోర్డే ఎంచుకుని, తరవాత ఎప్పుడో ఇన్‌స్క్రిప్ట్ తెలుగును చేర్చుకుని ఉంటే, అది కూడా యూజర్ చేసిన మార్పుల ఖాతాలోదే. పట్టీలో తెలుగు కీబోర్డును చూపే చిన్న గుర్తు మాయమవుతుంది. ప్యానెల్ తిరిగొచ్చిన సంబరంలో వెంటనే గమనించరు. ఇంటికి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నప్పుడు ‘అమ్మ’ కొడదామంటే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. యానాం కుర్రాడు మళ్ళీ సెట్టింగుల్లోకి వెళ్ళి, కీబోర్డు విభాగంలో ‘ఇంగ్లీష్ (యూఎస్)’ కింద ఉన్న కూడిక గుర్తు నొక్కి, పొడుగాటి జాబితాలో తమిళం దాటుకుని కిందికి జరుపుతాడు.